గుంటూరులో ఒక థీసిస్ సెంటర్: బైండింగుకు సరే, పీర్ రివ్యూకు వద్దు

బ్రాడీపేటలోని ఒక థీసిస్ సెంటర్ గురించి ఈ సమీక్ష. ఇదే తరహా బోర్డులు అరండల్‌పేటలోనూ, విజయవాడలోనూ కనిపిస్తాయి కనుక పేరు చెప్పడం లేదు. పరిశోధక విద్యార్థులు ఎక్కువగా వచ్చే ఈ దుకాణంలో టైపింగు, రిఫరెన్సుల అమరిక, బైండింగు మెచ్చుకోదగ్గట్టుగా ఉంటాయి. పాత అను ఫాంట్లలో ఉన్న తెలుగు థీసిస్‌ను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదరకుండా ఓపికగా సరిచూస్తారు. రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు వంకర పోవు. ఆ పనులకు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. చిక్కంతా బోర్డులోని చివరి పంక్తితోనే: "పీర్ రివ్యూతో సహా వారం రోజుల్లో పబ్లికేషన్, యూజీసీ కేర్ జర్నల్స్."

యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నమ్మదగినవిగా గుర్తించిన జర్నళ్ల జాబితా యూజీసీ కేర్. దాన్ని 2025 ఫిబ్రవరిలోనే ఎత్తివేశారు. బోర్డు మాత్రం మారలేదు. ఆ సంగతి అలా ఉంచినా, వారం రోజులన్న మాటే అనుమానించదగ్గది. పీర్ రివ్యూ అంటే పేపరును ప్రచురించే ముందు అదే రంగంలోని నిపుణులతో పరీక్షింపజేయడం. జర్నల్‌కు చేరిన పేపరును ముందుగా ఎడిటర్ చూస్తారు. విషయం తమ పరిధిలోనిది కాకపోయినా, పద్ధతి మరీ బలహీనంగా ఉన్నా అక్కడినుంచే తిప్పి పంపుతారు. అది దాటిన పేపరుకు అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లను వెతకాలి. వారికి సాధారణంగా పైసా ముట్టదు. తమ క్లాసులు, ల్యాబు పనులు ముగించుకుని తీరిక దొరికినప్పుడు చదవాలి కనుక, అడిగినవారిలో కుదరదనేవారే ఎక్కువ. కొన్ని జర్నళ్లలో రివ్యూయర్ పేరు మాత్రమే దాస్తారు, మరికొన్నింటిలో రచయిత పేరు కూడా దాస్తారు. రివ్యూయర్లు ఇచ్చేది సిఫారసు మాత్రమే, తీర్పు ఎడిటర్‌దే. సవరణలు కోరితే రచయిత ఒక్కో అభ్యంతరానికీ విడివిడిగా జవాబు రాయాలి. పెద్ద సవరణలైతే అవి తరచుగా మళ్లీ ఆ రివ్యూయర్ల దగ్గరికే వెళ్తాయి. దీనికి నెలలు పట్టడంలో వింతేమీ లేదు.

మా విద్యార్థిని మిరప నల్ల తామర పురుగు మీద రాసిన పేపరుకు అసలైన రివ్యూ, ఈ సెంటర్ ద్వారా వచ్చిన రివ్యూ రెండూ అందడంతో పోల్చి చూసే వీలు కలిగింది. 2021లో గుంటూరు మిరప తోటలను దెబ్బతీసిన ఈ పురుగును ఆమె నీలి జిగురు అట్టలతో లెక్కించి పట్టికలు తయారుచేసింది. ఒక శాస్త్రీయ సంఘం నడిపే జర్నల్ రివ్యూయర్ రెండో పట్టిక దగ్గరే ఆగిపోయారు. అట్టకు అంటుకున్నవన్నీ థ్రిప్స్ పార్విస్పైనస్ (నల్ల తామర పురుగు శాస్త్రీయ నామం) అని ఎలా నిర్ధారించారు? మన తోటల్లో ముందునుంచీ ఉన్న మరో తామర పురుగు సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్‌ను ఎలా వేరుచేశారు? నల్ల తామర పురుగు పూలలో గుంపుగా చేరుతుంది కదా, పూల లెక్క విడిగా ఎందుకు తీయలేదు? చదివితే ఒళ్లు మండే ప్రశ్నలే కానీ మూడూ న్యాయమైనవి. మేజర్ రివిజన్ అన్నారు.

గడువు భయంతో ఆమె అదే పేపరును ఈ సెంటర్ ద్వారా మరో జర్నల్‌కు ఇచ్చింది. మూడో రోజుకే చేతికొచ్చిన రిపోర్టులో పేపరు బాగుందని, ఇంగ్లీషు కొంత మెరుగుపరచాలని, కొత్త రిఫరెన్సులు చేర్చాలని ఉంది. చేర్చాల్సిన వాటి జాబితా కూడా జతచేశారు. అన్నీ ఆ జర్నల్‌లో వచ్చినవే. మిరప అన్న మాట గానీ పురుగు అన్న మాట గానీ ఎక్కడా లేవు. బ్యాంకింగ్ మీద రాసిన పేపరుకైనా అదే రిపోర్టు అక్షరం మార్చకుండా సరిపోతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఒక జర్నల్ పరిశీలనలో ఉన్న పేపరును మరో జర్నల్‌కు పంపకూడదు. అలాంటిదేమైనా ఉందా అని కౌంటర్‌లో ఎవరూ అడగలేదు. నిలదీస్తే యజమాని "పెద్ద జర్నళ్లు మాత్రం తప్పుడు పేపర్లు వెయ్యట్లేదా మేడమ్?" అన్నారు. వేస్తున్నాయి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపరు 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది, దాన్ని పూర్తిగా ఉపసంహరించుకునేసరికి 2010 అయింది. అయితే అది ఆయన వాదనకు బలమివ్వదు. పరిశీలనలో పొరపాటు జరగడం వేరు, పరిశీలనే లేకపోవడం వేరు. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బోహానన్ అనే పాత్రికేయుడు కావాలనే తప్పులు చొప్పించిన నకిలీ పేపరును 304 జర్నళ్లకు పంపితే 157 అంగీకరించాయి. లోపాలను పట్టుకుని తిరస్కరించిన ప్లాస్ వన్ కూడా రచయితల దగ్గర ఫీజు తీసుకునే జర్నలే. కనుక డబ్బు తీసుకోవడం మీద నాకు పేచీ లేదు. పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు (పాఠకులు ఉచితంగా చదవగలిగేవి) సాధారణంగా పేపరు అంగీకరించాకే ఫీజు అడుగుతాయి, ఇక్కడ పేపరు తెరవకముందే అడ్వాన్సు కట్టించుకున్నారు.

ప్రచురణకు ముందే వెనక్కి తీసుకుంటామంటే అందులో సగం ప్రాసెసింగ్ పేరిట మినహాయించుకుని, రసీదు అడిగితే జిరాక్సు ఖాతాలో రాసిచ్చారు. కాపీరైట్ పత్రం మీద ఆమె ఇంకా సంతకం చేయకపోవడం మేలైంది. ఇలాంటి చోటికి వెళ్లేవారు ముందుగా ఆ జర్నల్ ఎడిటోరియల్ బోర్డులోని ఒకరిద్దరికి వారి విశ్వవిద్యాలయం మెయిల్‌కు రాసి కనుక్కోవడం మంచిది. తమ పేరు అక్కడ ఉందనే తెలియనివారు కూడా ఉంటారు.

ఆమె ఇప్పుడు ఆల్కహాల్‌లో దాచిన నమూనాలను స్లైడ్ల మీదికెక్కించి జాతులు వేరుచేస్తోంది. మొదటి జర్నల్ రివ్యూయర్లకు పంపాల్సిన జవాబుల పట్టికను టైపింగుకు మళ్లీ ఈ దుకాణానికే ఇచ్చాం. ఒక్క అచ్చుతప్పు లేకుండా మర్నాటికి సిద్ధం చేశారు.