తొమ్మిదేళ్లు కప్పుకున్న గొంగడి

మొదటి చలికాలమంతా దీన్ని తిట్టుకుంటూనే కప్పుకున్నాను. మెడ దగ్గర ముళ్లకంప రాసుకున్నట్టు ఉండేది. మెదక్ వైపు దీన్ని నేసిన తాత మళ్లీ కలిసినప్పుడు నవ్వి, "అంగి మీదికెల్లి కప్పుకోవాలె బిడ్డా, ఒట్టి ఒంటికి కాదు" అన్నాక గానీ నాకు తెలివి రాలేదు.

దక్కనీ గొర్రె ఉన్నితో చేతిమగ్గం మీద నేసిన నల్ల గొంగడి. అద్దకం లేదు, గొర్రె రంగే. తొమ్మిదేళ్లలో ఎండ తగిలే మడతల మీద మాత్రం నలుపు కాస్తా తుప్పు రంగుకు తిరిగింది.

కొత్తలో అట్టలా బిరుసుగా ఉంటుంది. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు కదా, ఆ బిరుసు దానిది. ఆగలేక నెలలోపే డిటర్జెంట్‌లో నానబెట్టాను. గంజితో పాటు ఉన్నికుండే జిడ్డూ పోయింది, ఇల్లంతా తడిసిన గొర్రె వాసన. అంతకుముందు చినుకులు పైనే గుండ్రంగా నిలిచి, దులిపితే రాలిపోయేవి. ఇప్పుడు పావుగంట వానకే లోపలికి దిగుతున్నాయి. అయినా తల మీదుగా కొప్పెరలా మడిచి వేసుకుంటే వెచ్చగానే ఉంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా పైకి తడి తెలియనివ్వదు. బరువు మాత్రం భుజాలు లాగేస్తుంది. అసలు ఉతకాల్సిన పనే లేదు, ఎండలో వేసి కర్రతో నాలుగు దెబ్బలు కొడితే చాలు.

ఎక్కువగా వాడింది పక్క కింద. చెమట అంటదు, నేల చలి పైకి రాదు. రెండేళ్ల దాకా లేచేసరికి బట్టల నిండా వెంట్రుకలే. గొంగట్లో తింటూ ఏరడం సంగతేమో గానీ, పడుకుని లేచాక ఏరడం మాత్రం నాకు బాగా అలవాటైంది.

ఒక వానాకాలం పెట్టెలో పెట్టి మర్చిపోయాను. తీసేసరికి ఒక మూల జల్లెడ. ఎక్కడి గొంగళి అక్కడే ఉంటే పురుగుకి పండగ! అప్పటినుంచి నెలకోసారి బయటికి తీసి దులుపుతున్నాను.

మాంసం కోసం కాపర్లు దక్కనీ గొర్రెల్ని ఉన్ని రాని నెల్లూరు జాతితో కలిపేస్తుండటంతో అసలు దక్కనీ ఉన్ని తగ్గిపోతోంది. అందుకే కొనేముందు ఒక పోగు అడిగి కాల్చి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసనతో బూడిదై నలుగుతుంది, సింథటిక్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది. మా అక్క కోసం ఒక స్టాల్‌లో కొన్నదాన్ని ఇంటికొచ్చాక కాల్చాను. పూసే వచ్చింది. అదిప్పుడు మా స్కూటర్ మీద కవరు.