ఏటికొప్పాక లక్కబొమ్మలు: నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

మా పాపకు పదకొండో నెల. చేతికి ఏది దొరికితే అది నోట్లోకే. ఈమధ్య ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న ప్లాస్టిక్ కోడిపిల్ల బొమ్మకి కింద బ్యాటరీ మూత ఉంది, దానికి స్క్రూ లేదు, గోరుతో లాగితే ఊడొచ్చేసింది, లోపల మూడు బటన్ బ్యాటరీలు. అవి మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తీరా చూస్తే బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తే లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి అది 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి, అయినా అమ్ముతూనే ఉన్నారు.

అందుకే ఈసారి ఎలమంచిలి దగ్గర ఏటికొప్పాక వెళ్లి మా డబ్బుతోనే నాలుగు రకాలు కొన్నాం: గిలక్కాయ, గుచ్చే రింగులు, బొంగరం, లక్కపిడతల సెట్టు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క అద్దుతుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటితో చేసే రంగులు. వీటిని మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్లపాటు పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వీటి మీద ఐఎస్ఐ గుర్తు కనిపించకపోతే కంగారు పడకండి, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉన్న బొమ్మలకి, రిజిస్టరైన చేతివృత్తుల వాళ్లు చేసినవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కానీ దానర్థం, ఏది ఏ వయసుకో మనమే చూసుకోవాలని.

గిలక్కాయ చాలా నచ్చింది. అంచులు ఎక్కడా గరుకుగా లేవు, అతుకు దగ్గర గట్టిగా లాగి చూశాను, కదల్లేదు. నెల రోజులుగా పాప చప్పరిస్తూనే ఉంది, రంగు ఊడలేదు. రింగులు కూడా బావున్నాయి.

లక్కపిడతలు మాత్రం ఈ వయసుకి అస్సలు వద్దు. "పాపకే కదమ్మా, తీసుకోండి" అన్నారు అమ్మినాయన ప్రేమగా, నేనూ మురిసిపోయి తీసుకున్నాను. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే చిన్న కుండ మూత 22 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టేది ఏదైనా గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి షాపులో స్కేలు లేకపోతే ఆ బిళ్ళ పక్కన పెట్టి చూడండి, దానికంటే కొంచెం పెద్దగా ఉన్నా నమ్మొద్దు. రంగు పసుపుతో చేసినదైనా మూత మూతే. సెట్టు మీద వయసు రాసిన చీటీ కూడా లేదు, చేసేవాళ్లు ఒక్క స్టిక్కర్ అంటిస్తే ఎంతమంది తల్లులకి మేలో. మా అత్తయ్య వాటిని బీరువా పైకి ఎక్కించేశారు, బొంగరం కూడా మేకు ఉందని అక్కడికే వెళ్లింది.

అన్నట్టు, కొండపల్లి బొమ్మలు కూడా చెక్కవే కదా అని ఇవ్వకండి, అవి తేలికైన పొణికి కర్ర మీద పెయింట్ వేసినవి, కొలువులో పెట్టుకోవడానికి అందం, చప్పరించడానికి కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కింద పడిందని గిలక్కాయని శానిటైజర్‌తో తుడిస్తే ఎర్రరంగు దూదికి అంటుకుంది, మోసపోయామేమో అని గుండె ఝల్లుమంది. తర్వాత అర్థమైంది, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వేడి నీళ్లు కూడా పడవు. తడిబట్టతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు, నేనిప్పుడు రోజూ పడుకునే ముందు అదే చేస్తున్నాను.