మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో మెక్‌ల్యాబ్: తూకం వేరు, జాగ వేరు

మెక్‌వారియర్ ఆన్‌లైన్ 2013 నుంచి అందుబాటులో ఉన్న ఉచిత కంప్యూటర్ ఆట. పక్షానికి పన్నెండు మంది చొప్పున, ఒక్కొక్కరూ 20 నుంచి 100 టన్నుల దాకా బరువుండే యుద్ధ రోబోను, అంటే ఆటగాళ్లు మెక్ అని పిలిచే యంత్రాన్ని, నడుపుతూ తలపడతారు. హనుమకొండలో నేనూ, పాలిటెక్నిక్ చదువుతున్న మా చిన్నమ్మ కొడుకూ రెండేళ్లుగా దీన్ని ఆడుతున్నాం. పోరులో గడిపినంత సమయమూ మెక్‌ను తయారుచేసుకునే మెక్‌ల్యాబ్‌లో కూడా గడిపాం కనుక, ఈ సమీక్షను ఆ మెక్‌ల్యాబ్‌కే పరిమితం చేస్తున్నాను.

ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే బండినీ, కరీంనగర్ క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీనీ చూసినవారికి ఇక్కడి లెక్క సులువుగా బోధపడుతుంది. పత్తి బండిలో బరువుకంటే ముందు జాగ నిండుతుంది. గ్రానైట్ లారీలో జాగ ఎంత మిగిలినా, కొద్ది దిమ్మెలకే బరువు పరిమితి దాటిపోతుంది. మెక్‌లో బిగించే వస్తువులకూ ఇలాగే బరువుకు టన్నులు, జాగకు స్లాట్లు అనే రెండు కొలతలు ఉంటాయి. ఉదాహరణకు, మామూలు లోపలి చట్రం మెక్ మొత్తం బరువులో పదో వంతు తూగుతుంది. ఎండో స్టీల్ చట్రం వేస్తే ఆ బరువు సగానికి తగ్గుతుంది గానీ, ఆటలోని రెండు వర్గాల్లో ఒకటైన ఇన్నర్ స్ఫియర్ మెక్‌లో అది 14 స్లాట్లను ఆక్రమిస్తుంది. రెండో వర్గమైన క్లాన్ మెక్‌లో అదే పనికి 7 స్లాట్లు చాలు. ఒకచోట లాభపడితే మరోచోట చెల్లించక తప్పని ఈ నియమమే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది.

మేము ఎక్కువ కాలం శ్రమించింది 50 టన్నుల హంచ్‌బ్యాక్ 4జీ అనే మెక్ మీద. దాని కుడి భుజం దగ్గరి గూనులో ఏసీ20 అనే పెద్ద ఫిరంగి ఉంటుంది. 14 టన్నుల బరువు, 10 స్లాట్ల జాగ, 270 మీటర్ల లోపు పూర్తి దెబ్బ. ఫిరంగికే బరువంతా పోతోందని మా తమ్ముడు ఎక్స్ఎల్ ఇంజిన్ పెట్టబోయాడు. అది మామూలు ఇంజిన్‌లో సగమే తూగుతుంది, కానీ రెండు పక్క మొండేల్లోకీ మూడేసి స్లాట్లు చొచ్చుకొస్తుంది. పక్క మొండెంలో ఉన్నవి 12 స్లాట్లే. "అన్నా, తూకం సరిపోయింది గని జాగ సరిపోతలేదు" అన్నాడు వాడు, తెర మీద నుంచి కళ్లు తీయకుండా. అప్పుడు లైట్ ఫ్యూజన్ ఇంజిన్‌ను ప్రయత్నించాం. మామూలు ఇంజిన్ బరువులో నాలుగింట మూడు వంతులు తూగే ఈ ఇంజిన్ పక్కకు రెండేసి స్లాట్లే తీసుకుంటుంది కాబట్టి, ఫిరంగితో కలిపి ఆ పన్నెండూ ఒక్కటీ మిగలకుండా నిండిపోయాయి. పైగా ఇన్నర్ స్ఫియర్ ఎక్స్ఎల్ ఉన్న మెక్ ఒక పక్క మొండెం పోతేనే కూలిపోతుంది, దీనితోనైతే కుంటుతూనైనా నిలబడుతుంది. గూనును చూసి శత్రువులు ముందుగా అక్కడే కొడతారు గనుక ఈ తేడా చాలా విలువైనది.

ఇంజిన్ రేటింగ్ వల్ల వచ్చేది వేగం ఒక్కటే కాదు. రేటింగ్‌ను మెక్ బరువుతో భాగించి 16.2తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. 250 రేటింగ్‌తో మా హంచ్‌బ్యాక్ 81 కిలోమీటర్ల వేగం అందుకుంది. అదే రేటింగ్‌కు ఇంజిన్ లోపలే పది హీట్ సింకులు, అంటే వేడిని చల్లార్చే పరికరాలు, ఇముడుతాయి. 200 రేటింగ్‌లో ఎనిమిదే ఇముడుతాయి కనుక, తప్పనిసరిగా ఉండవలసిన పదిలో మిగతా రెండింటికీ బయట చోటు వెతకాలి. ఇన్నర్ స్ఫియర్ డబుల్ హీట్ సింక్ ఒక్కోటి మూడు స్లాట్లు మింగుతుంది.

వేడి విషయంలో మాత్రం మెక్‌ల్యాబ్ చూపే అంకెలను చూసి తృప్తిపడకూడదు. ఒకే రకం ఆయుధాలను పరిమితికి మించి అర సెకను లోపల పేలిస్తే ఘోస్ట్ హీట్ అనే అదనపు వేడి పుడుతుంది, అది హద్దు దాటితే మెక్ శత్రువు ముందే ఆగిపోతుంది. కాబట్టి టెస్టింగ్ గ్రౌండ్స్ అనే సాధన మైదానంలో ఒంటరిగా నడిపి, వరుసగా కాల్చి, ఎన్నో దెబ్బకు వేడిని చూపే గీత ఎర్రబడుతుందో లెక్కపెట్టుకున్న తర్వాతే పోరుకు దిగడం మంచిది. కవచం గురించి చెప్పాలంటే, మామూలు రకం టన్నుకు 32 పాయింట్లు ఇస్తుంది, మొండేలకు కేటాయించినదాన్ని ముందుకూ వెనక్కూ మనమే పంచాలి.

కొత్తవారికి ఒక మాట. ఆటలో దొరికే ట్రయల్ మెక్‌లను మార్చుకునే వీలు లేదు, ఆటలోని డబ్బైన సీ-బిల్లులు కూడబెట్టి సొంత మెక్ కొన్నాకే అసలైన మెక్‌ల్యాబ్ తెరుచుకుంటుంది. ఈ సీ-బిల్లులు పోరాడితే వస్తాయి, కాబట్టి రూపాయి ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కలగలేదు. భారతదేశంలో సర్వర్ లేకపోవడం వల్ల మా ఇంట్లో గురికీ దెబ్బకూ మధ్య కాస్త జాప్యం తెలుస్తుంది. లేజర్‌ను ఒకేచోట నిలిపి ఉంచడం అప్పుడు కష్టం, ఒక్క గుండుతో పని ముగించే ఏసీ20 మాకు ఇష్టం కావడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు మా హంచ్‌బ్యాక్‌లో ఎండో స్టీల్, ఏసీ20, రెండు చేతులకూ మీడియం లేజర్లు, తలలో ఒక లేజర్, రెండు కాళ్లలో కలిపి నాలుగు టన్నుల మందుగుండు ఉన్నాయి. ఒక టన్ను మందుగుండు తీసి హీట్ సింక్ పెడదామని తమ్ముడు, వద్దని నేను. ఆ చర్చ ఇంకా తేలలేదు.