ఎండు లావెండర్ మొగ్గలతో నిమ్మ లోఫ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

లావెండర్‌ని తినడమేంటి అని ముఖం చిట్లించేవాళ్ల కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. ఎండబెట్టిన లావెండర్ మొగ్గల సీసా మా వంటింట్లో యాలకుల డబ్బా పక్కనే ఉంటుంది, చాలా ఏళ్లుగా. వాటితో నేను ఎక్కువగా చేసేది ఒక్కటే, నిమ్మ తొక్క తురుము వేసిన తీపి లోఫ్, అంటే పొడుగాటి టిన్‌లో కాల్చే కేకులాంటి బ్రెడ్. ఈస్ట్ అక్కర్లేదు, పిండి పొంగేదాకా గంటలకొద్దీ కాచుకుని కూర్చోనక్కర్లేదు, అంతా బేకింగ్ పౌడర్ చూసుకుంటుంది. అమెరికాలో ఇలాంటివాటిని క్విక్ బ్రెడ్ అంటారు. అరటిపండు బ్రెడ్ చేసినవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: సరైన రకం కొని, కొంచెమే తీసుకుని, పాలలో నాననిచ్చి వడకడితే దీన్ని మించిన పూల రుచి బేకింగ్‌లో నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ మూడింటిలో ఏది తప్పినా లోఫంతా సబ్బు వాసనే.

అసలు సంగతంతా రకంలో ఉంది. లావెండర్ అని రాసి ఉన్న పొట్లాలన్నీ వంటకు పనికొచ్చేవి కావు. మనకు కావాల్సింది లావెండులా ఆంగస్టిఫోలియా. పుట్టింది మధ్యధరా ప్రాంతపు కొండల్లోనే అయినా ఇంగ్లిష్ లావెండర్ అనే పేరుతో అమ్ముతారు. బజారులో దానితో పాటు కనిపించేది లావెండిన్, అంటే ఆంగస్టిఫోలియాకీ స్పైక్ లావెండర్ అనే ఇంకో జాతికీ పుట్టిన సంకరం. మొక్క పెద్దది, నూనె దిగుబడి ఎక్కువ. ఫ్రాన్స్‌లో ప్రోవాన్స్ ఫొటోల్లో కనిపించే ఊదా రంగు చేలల్లో చాలావరకు ఇదే. సబ్బులకీ సెంట్లకీ బాగా పనికొస్తుంది. చిక్కేంటంటే దీనిలో కర్పూరం శాతం ఎక్కువ. ఆంగస్టిఫోలియా నూనెలో కర్పూరం మామూలుగా 1 శాతం లోపే ఉంటుంది, లావెండిన్‌లో అంతకు ఎన్నో రెట్లు. పరమాన్నంలో పచ్చకర్పూరం చిటికెడు దాటితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? లోఫ్‌లో లావెండిన్ పడితే అదే అవుతుంది.

అందుకే పొట్లం మీద శాస్త్రీయ నామం లేకపోతే నేను కొనను. ఆంగస్టిఫోలియాలో హిడ్‌కోట్, మన్‌స్టెడ్, రాయల్ వెల్వెట్ అనే రకాలు వంటకు బాగుంటాయి. నాకు రాయల్ వెల్వెట్ ఇష్టం, రుచిలో తీపి ఛాయ ఉంటుంది, చేదు తక్కువ. గ్రోసో అని ఉంటే అది లావెండిన్, పక్కన పెట్టేయండి. ప్రోవాన్స్ అనే రకం కూడా లావెండినే, అయినా వంటకని అమ్మేవాళ్లున్నారు. మాంసానికి పట్టించే మసాలాల్లో అది నప్పవచ్చు గానీ తీపి లోఫ్‌లో నాకు అస్సలు నచ్చలేదు. ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన పొట్లం తెరవగానే హాలంతా ఘాటు నిండిపోయింది, మొగ్గలు నలిపి చూస్తే వేళ్లకి జిడ్డు అంటింది. గదిలో సువాసన కోసం పెట్టుకునే సరుకు అది, పైన విడిగా నూనె చల్లారు. పొట్లం ముందువైపు మాత్రం లోఫ్ బొమ్మ ఉంది! తిప్పి పంపేశాను. మంచి మొగ్గ పొడిగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపేదాకా పెద్దగా వాసన రాదు, నలిపాక ముందు పువ్వు, తర్వాత కొంచెం పుదీనా తగిలినట్టు వస్తుంది.

మేముండేది వాషింగ్టన్ రాష్ట్రంలో బోతెల్‌లో కాబట్టి నాకు ఒక అదృష్టం ఉంది. ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి కింగ్‌స్టన్‌లో దిగి, హుడ్ కెనాల్ వంతెన దాటి పోతే స్క్విమ్ అనే ఊరు వస్తుంది. ఒలింపిక్ పర్వతాలు సముద్రం మీంచి వచ్చే వాన మేఘాల్ని అటువైపే ఆపేస్తాయి, అందుకని వానలకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో ఆ ఊరికి మాత్రం ఏడాదికి 16 అంగుళాలు పడితే గొప్ప. లావెండర్‌కి కావాల్సింది అదే, నీళ్లు నిలవని నేల, ఎండ, తక్కువ వాన. ఏటా జూలైలో అక్కడ లావెండర్ పండగ చేస్తారు. నేను పండగ రద్దీకి కాక, ముందే వెళ్తాను, ఆంగస్టిఫోలియా లావెండిన్ కంటే ముందు పూస్తుంది కాబట్టి. చేలో నిలబడి చూస్తే రెండింటికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది: ఆంగస్టిఫోలియా కాడ పొట్టిగా, చివర ఒకే కంకితో ఉంటుంది, లావెండిన్ కాడ పొడుగ్గా, పక్క కొమ్మలతో ఉంటుంది. వంటకోసం కోసేటప్పుడు కంకిలో ఒకటి రెండు పువ్వులే విచ్చుకుని తక్కినవి మొగ్గలుగా ఉన్నప్పుడే కోస్తారు. కట్టలు కట్టి, చీకటి షెడ్డులో తలకిందులుగా వేలాడదీసి ఎండబెడతారు. అక్కడ కొన్నదానికీ సూపర్ మార్కెట్ మసాలాల వరసలో చిన్న సీసాలో దొరికేదానికీ ధరలో పెద్ద తేడా లేదు, తాజాదనంలో మాత్రం చాలా ఉంది.

ఇక కొలత. కొందరు ఒక లోఫ్‌కి టేబుల్‌స్పూన్ల కొద్దీ వేస్తారు. నా లెక్క 2 టీస్పూన్లు నానబెట్టడానికి, అర టీస్పూన్ పొడి చేసి కలపడానికి, అంతే. తాజా పువ్వులైతే దీనికి మూడింతలు పడుతుంది.

నానబెట్టే పద్ధతి ఇది. ముప్పావు కప్పు చిక్కటి పాలు, అంటే 180 మిల్లీలీటర్లు, చిన్న గిన్నెలో సన్నటి సెగ మీద పెడతాను. అంచుల వెంట బుడగలు కట్టగానే దించేస్తాను, మరిగించను. మొగ్గల్ని అరచేతుల మధ్య ఒకసారి నలిపి పాలలో వేసి మూత పెడతాను. పావుగంట చాలు. అరగంట దాటితే సువాసన పెరగదు, చేదు దిగుతుంది. టీ వడకట్టే జాలీలో పోసి, చెంచా వెనకవైపుతో మొగ్గల్ని గట్టిగా ఒత్తితే పాలు లేత గోధుమ రంగులో కారతాయి. తగ్గిన పాలు మళ్లీ ముప్పావు కప్పుకి నింపుకోవాలి. వెన్న తీసిన పాలు ఇక్కడ పనికిరావు. లావెండర్ వాసనకు మూలమైన లినలూల్ లాంటి పదార్థాలు నీళ్లలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి, అందుకే పాలు ఎంత చిక్కగా ఉంటే వాసన అంత నిలుస్తుంది. మొగ్గల్ని వడకట్టకుండా అలాగే పిండిలో కలిపేవాళ్లున్నారు, నాకది గిట్టదు. ఓవెన్లో అవి మెత్తబడవు, తినేటప్పుడు ధనియాల పొట్టులా పళ్ల కింద పడతాయి.

మిగతా పని మామూలే. 150 గ్రాముల పంచదారలో ఒక నిమ్మకాయ తొక్క తురుము వేసి చేత్తో నలుపుతాను, పంచదార తడిగా పసుపు రంగుకి తిరిగేదాకా. అర టీస్పూన్ మొగ్గల్ని ఇందులోంచే రెండు చెంచాల పంచదారతో మిక్సీ చిన్న జార్‌లో పొడిచేసి మళ్లీ ఇందులోనే కలుపుతాను. మొగ్గలొక్కటే వేస్తే జార్‌లో తిరుగుతాయి తప్ప నలగవు. 85 గ్రాముల మెత్తటి వెన్నతో ఈ పంచదారని గిలక్కొట్టి, 2 గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి, 250 గ్రాముల మైదాలో ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు జల్లించి, పిండీ పాలూ మార్చి మార్చి కలుపుతాను. పిండి తెల్లగా కనిపించడం మానగానే గరిటె ఆపేయాలి. ఎక్కువ కలిపితే మైదాలో జిగురునిచ్చే గ్లూటెన్ సాగి, కోసినప్పుడు లోపల నిలువునా సొరంగాలు కనిపిస్తాయి. తడి తగిలిన క్షణం నుంచీ బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది కాబట్టి కలిపిన పిండిని పక్కన పెట్టి ఫోన్ మాట్లాడొద్దు, ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 175 సెల్సియస్. ఎనిమిదిన్నర అంగుళాల లోఫ్ టిన్‌లో 45 నుంచి 55 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 200 ఫారెన్‌హీట్ దాటగానే తీసేయండి.

నిమ్మరసం పిండిలో కలపను. బేకింగ్ పౌడర్‌లో పులుపూ సోడా సరిచూసే కలిపి ఉంటాయి, అదనంగా పులుపు పడితే ఆ లెక్క చెడుతుంది, పాలూ విరుగుతాయి. రసం 2 టేబుల్‌స్పూన్లు, పంచదార 3 టేబుల్‌స్పూన్లు కలిపి, లోఫ్ వేడిగా ఉండగానే టూత్‌పిక్‌తో గుచ్చి పైన పోస్తాను. లావెండర్‌కి ఈ పులుపు ఉండి తీరాలి. పులుపు లేకుండా లావెండర్ ఒక్కటే ఉంటే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది.

రంగు గురించి ఒక మాట. ఇంటర్నెట్‌లో కనిపించే ఊదా రంగు లోఫ్‌లు చూసి ఆశ పడకండి, ఆ రంగు ఫుడ్ కలర్ సీసాలోంచి వచ్చిందే. పువ్వుకి రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం అంత ముదురుగా దిగదు, పైగా సోడా క్షారం తగిలితే బూడిద, పచ్చ ఛాయల వైపు తిరుగుతుంది. నిజమైన లావెండర్ లోఫ్ లోపల మీగడ రంగులోనే ఉంటుంది, అక్కడక్కడా సన్నటి బూడిద చుక్కలతో. నాకు అలాగే ఇష్టం.

చేసిన రోజు కోయొద్దు. వేడి మీద నిమ్మ వాసనే పైకి తేలుతుంది, లావెండర్ విడిగా, కొంచెం కటువుగా తగులుతుంది. పూర్తిగా చల్లారాక గట్టిగా చుట్టి పెడితే మర్నాటికి రెండూ కలిసిపోతాయి, ముక్క కూడా పొడిరాలకుండా నీటుగా తెగుతుంది. దీని పక్కన టీ పెట్టండి, కాఫీ వద్దు. మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ లేనిదే పొద్దు గడవదు గానీ ఆ చేదు ముందు లావెండర్ ఊసే ఉండదు.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు గుడ్డు లేకుండా చేయాల్సి వచ్చింది, అప్పటి నుంచి ఆ పద్ధతి కూడా మా ఇంట్లో స్థిరపడిపోయింది. గుడ్లకు బదులు అరకప్పు గట్టి పెరుగు, పాలు అరకప్పుకి తగ్గించి, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, వంట సోడా అర టీస్పూన్. పెరుగు పులుపుకి సోడా కావాలి కాబట్టి ఇక్కడ లెక్క మారుతుంది. లోఫ్ కొంచెం తక్కువ పొంగుతుంది, బరువుగా ఉంటుంది, మెత్తదనం మాత్రం గుడ్డు వేసినదానికన్నా ఎక్కువే. ఆవిడ మొదటి ముక్క వాసన చూసి, "ఇదేదో అగరొత్తుల కొట్లోకి పోయినట్టుందే అమ్మాయ్" అన్నారు. తిన్నాక ఇంకో ముక్క అడిగి, "ఓ రెండు యాలకులు వేస్తే ఇంకా బాగుండేది" అన్నారు. వేసి చూశాను. యాలకులు గెలిచాయి, లావెండర్ ఓడిపోయింది. రెండూ కలిపి వేయొద్దనే నా సలహా.

వేరే పువ్వులతోనూ చేశాను. గులాబీ రేకులు పిండిలో వేస్తే ఓవెన్ వేడికి వాసన చాలావరకు ఎగిరిపోతుంది, పై పాకంలో చెంచాడు రోజ్ వాటర్ కలపడమే మేలు. చామంతి కుటుంబానికే చెందిన కామొమైల్ పువ్వు నెమ్మదిగా, తేనె రుచితో బాగుంటుంది గానీ నిమ్మ పక్కన తేలిపోతుంది. ఇక పెరట్లో పూసిందల్లా తినేది కాదని గట్టిగా చెప్పాలి. గన్నేరు, పచ్చగన్నేరు విషం, లోఫ్ మీద అలంకారంగా పెట్టడం కూడా వద్దు. పూలకొట్లో కొన్న పువ్వులూ వద్దు, వాటికి కొట్టే మందులు తిండికి ఉద్దేశించినవి కావు. లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ కూడా నేను వంటలో వాడను. చుక్క ఎక్కువైతే సర్దుకునే వీలే ఉండదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చేద్దామనుకునేవాళ్లు దిగుమతి సరుకు కోసం వెతకాల్సిన పని లేదు. జమ్మూ ప్రాంతంలో దోడా జిల్లా భదర్వాహ్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే అరోమా మిషన్ అనే సుగంధ పంటల పథకం కింద రైతులు మొక్కజొన్న తగ్గించి లావెండర్ వేస్తున్నారు, ఊదా విప్లవం అని పత్రికలు రాస్తున్నది దీని గురించే. ఆ పంట ఎక్కువగా నూనెకే పోతుంది కాబట్టి ఎండు మొగ్గలు కొనేటప్పుడు వంటకోసం శుభ్రం చేసినవేనా, పైన సెంటు చల్లారా అని అమ్మేవాళ్లను అడిగి తీసుకోండి.

కొనేది 50 గ్రాములు చాలు, ఆ లెక్కన చాలా లోఫ్‌లు అవుతాయి. గాజు సీసాలో, వెలుతురు తగలని చోట పెడితే ఏడాది దాకా బాగుంటుంది. తర్వాత పాడవదు గానీ నలిపితే ఎండుగడ్డి వాసన వస్తుంది, అప్పుడు కొలత పెంచి వాడేకన్నా కొత్తది తెచ్చుకోవడమే మంచిది. లోఫ్ బయట మూడు రోజులుంటుంది. నేనైతే సగం ముక్కలు కోసి, ముక్క ముక్కకీ మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్లో పెడతాను, పొద్దున టోస్టర్లో ఒక్క నిమిషం వేస్తే పిల్లల డబ్బాలోకి సిద్ధం.