గిండీలో కట్లపాము, వేళచ్చేరిలో కార్న్ స్నేక్

నెల్లూరులో పినాకిని ఎక్కి భోజనాల వేళకి చెన్నై సెంట్రల్‌లో దిగాం. వేళచ్చేరిలో మా పిన్నికొడుకు ఇల్లు ఉండగా లాడ్జి ఎందుకంటే, వాడి హాల్లో మూడు పాములున్నాయి. "పాములున్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు" అని మావారు టికెట్లు తీసిన రోజే తేల్చేశారు. అందుకని ఎగ్మూరులో రోజుకి 1,800 రూపాయల గది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కిటికీ తీస్తే మాత్రం పక్కింటి గోడే. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే వస్తాయని డబ్బు కట్టాక చెప్పారు. మళ్లీ వెళితే అక్కడ దిగను.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లాం. విమానాశ్రయంలో సామాన్లలో పాములు పట్టుబడ్డ వార్తలు చదివినదాన్ని కదా, ముందు కాగితాలే అడిగాను. ఇక్కడే గుడ్లు పొదిగించినతని దగ్గర కొన్న రసీదులు తెచ్చి చూపించాడు. మన నాగుపామునో జెర్రిపోతునో ఇలా పెట్టెలో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. వీడివి కార్న్ స్నేక్‌లు, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాములు, విషం లేనివి.

మొదటిది మామూలు రంగు. నారింజ ఒంటి మీద నల్ల అంచుల ఎర్ర మచ్చలు. రెండోదానికి ఆ నలుపే లేదు, కళ్లు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. నలుపు తయారుకాని ఆ రకాన్ని అమెల్ అంటారు. మూడోది బూడిద రంగుది. బూడిద రంగులో చార్‌కోల్, ఎనెరీ అని రెండు రకాలున్నాయి. దాన్ని అమ్మినవాడు చార్‌కోల్ అని చెప్పి ఎక్కువ డబ్బు తీసుకున్నాడట.

"అక్కా, వీపు చూడకు, గడ్డం కింద చూడు" అన్నాడు. ఆ బూడిద పామును పారదర్శకమైన డబ్బాలో పెట్టి బాల్కనీలోకి తెచ్చి, డబ్బా పైకెత్తాడు. మెడ పక్కల పసుపు రాసినట్టు చిన్న మరక. చార్‌కోల్‌కి ఆ పసుపు ఉండదు, ఎనెరీకి ఉంటుంది. ఎరుపు రంగు తయారుకాకపోతే ఎనెరీ. పిల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, పసుపు ఎదిగే కొద్దీ తేలుతుంది. వీడు మోసపోయింది అక్కడే. పొట్టనిండా నలుపు తెలుపు గళ్లు, రంగురంగుల మొక్కజొన్న కంకిలా. కార్న్ అంటే మొక్కజొన్న, ఆ పేరు అందుకే వచ్చిందంటారు. మోట్లీ రకానికైతే ఈ గళ్లు ఉండవు, పొట్ట నున్నగా ఉంటుంది, వీపు మీద మచ్చలు కలిసిపోయి గుండ్రటి చుక్కలు మిగులుతాయి.

ట్యూబ్‌లైటు కింద రంగు తేల్చకూడదట. కుబుసం విడిచే ముందు కూడా అంతే, ఒళ్లు మాసిపోయి కళ్లు నీలంగా మబ్బు పడతాయి. అమెల్‌ని ఎనెరీతో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగే. ఆ పిల్లలను తమలో తాము కలిపితే సగటున 16లో ఒకటి స్నో అనే తెల్లటి రకం వస్తుంది. మా వాడు వేళ్ల మీద లెక్క కట్టబోయి, మధ్యలో దోసెలు రావడంతో వదిలేశాడు.

ఆదివారం పొద్దున్నే గిండీ స్నేక్ పార్కు. మెట్రోలో లిటిల్ మౌంట్ దాకా వెళ్లి ఆటో పట్టాం. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1972లో పెట్టిన పార్కు ఇది. చిన్నది, చెట్ల నీడ ఎక్కువ, రెండు గంటలు చాలు. అద్దాల మీద మన మొహాలే కనిపించడం ఒక్కటే విసుగు. నేను ఎక్కువసేపు నిలబడింది కట్లపాము దగ్గర. దాని తెల్ల గీతలు మెడ దగ్గర మసకగా మొదలై తోక వైపు తేటపడతాయి. చూడటానికి దానిలాగే ఉండే, విషం లేని ఉల్ఫ్ స్నేక్‌కి దాదాపు తిరగేసి, మెడ దగ్గర తేటగా ఉండి వెనక్కి మాసిపోతాయి. తమ్ముడింట్లో రంగు తప్పు చెబితే డబ్బు పోతుంది. మా పెరట్లో తప్పు చెబితే ప్రాణమే పోతుంది కాబట్టి, ఈ తేడా నమ్ముకుని నేనైతే చేయి పెట్టను.

మధ్యాహ్నం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మొసళ్లను పెంచి కాపాడే మొసళ్ల బ్యాంకుకి వెళ్లడం మా పొరపాటు. నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు, మాట్లాడుకున్న కారు డ్రైవరు చివరి నిమిషంలో రానన్నాడు. మహాబలిపురం బస్సులో నిలబడి వెళ్లాం. వెళ్లేసరికి ఎండ మాడ్చేస్తోంది, మొసళ్లు బొమ్మల్లా పడి ఉన్నాయి. అక్కడే ఇరుళ గిరిజనుల సహకార సంఘంవాళ్లు పాము చేత పల్చటి పొర కట్టిన జాడీని కరిపించి విషం తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపొడ, ఈ నాలుగింటి విషంతోనే మన దేశంలో పాముకాటు మందు చేస్తారు. అది చూశాక బస్సులో పడ్డ అవస్థ మర్చిపోయాం. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. బ్యాంకుకి సోమవారం, గిండీ పార్కుకి మంగళవారం సెలవు. ఒక్క రోజే ఉంటే గిండీకే నా ఓటు.

మొన్న తమ్ముడు కొత్తగా కొనబోయే బూడిద పాము ఫోటో పంపాడు. వీపే తీశాడు. గడ్డం కింద తీసి పంపమన్నాను, ఇంకా పంపలేదు.