షుగర్ ఉన్నవాళ్లకు రాత్రిపూట ఏది మేలు: అన్నమా, చపాతీనా, జొన్నరొట్టెనా?

అమ్మకు షుగర్ ఉందని తెలిసిన రోజు రాత్రే మా ఇంట్లో అన్నం ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు. షుగర్ వస్తే చపాతీ తినాలన్నది మన దగ్గర అందరి నోటా వినే మాటే కదా. ఆరు నెలల పాటు రోజూ రాత్రి నాలుగు చపాతీలు, పక్కన బంగాళాదుంప కుర్మా. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తే, అన్నం తిన్ననాటికీ చపాతీ తిన్ననాటికీ పెద్ద తేడా ఉండేది కాదు. బరువూ తగ్గలేదు. "అన్నం మానేసినా తగ్గట్లేదేంట్రా" అని అమ్మకు ఒకటే టెన్షన్.

కూర్చుని లెక్క వేస్తే విషయం తేలింది. 30 గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో పిండిపదార్థం దాదాపు 20 గ్రాములు. నాలుగు తింటే 80. వండిన అన్నం 300 గ్రాములు తిన్నా ఇంచుమించు అంతే. పైగా ఒక్కో చపాతీకి చెంచా నూనె, చెంచాకు 45 కేలరీలు. అంటే 180 కేలరీలు మేమే చేర్చి పెట్టాం. ఇక కుర్మాలో ఉన్నదీ పిండిపదార్థమే. ముడి గోధుమపిండిలో పీచు 100 గ్రాములకు 11 గ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. కానీ మరపట్టించి తెచ్చిన పిండిని మేము మెత్తగా జల్లించి, ఆ పొట్టు పారబోసేవాళ్లం.

మరి అన్నం దోషం ఏమిటి? నా మటుకు నాకు దోషం బియ్యంలో కంటే మన వడ్డనలో ఉందనిపిస్తుంది. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, చివర్లో పెరుగులోకి. ప్రతిసారీ "కొంచెమే". అన్నీ కలిపి ఎంతయిందో తిన్నవాళ్లకే తెలియదు. రకం మార్చితే కొంత మేలే. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దరిదాపుల్లో ఉంటుంది, 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. అయితే షుగర్ వాళ్ల బియ్యమే కదా అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే ఆ లాభం అక్కడే పోతుంది.

జొన్నరొట్టె మా ఇంటికి పక్కింటి కర్నూలు పిన్నిగారి వల్ల వచ్చింది. "వదినా, మేము కూర నిండుగా పెట్టుకుంటాం, కూర అయిపోయిందంటే రొట్టె కూడా అయిపోయినట్టే" అందావిడ. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మాటే. మళ్లీ చారులోకి, పెరుగులోకి అంటూ రెండో వాయి ఉండదు. నూనె అక్కర్లేదు. జొన్నలో పీచు 100 గ్రాములకు 10 గ్రాములు. నిదానంగా నమలాలి కాబట్టి తొందరగా ఎక్కువ తినలేం. కానీ ఒకటి గమనించండి: పెద్ద రొట్టెకు 50, 60 గ్రాముల పిండి పడుతుంది, అంటే అది రెండు చపాతీలతో సమానం. అందుకే అమ్మకు ఒక్కటే. ఒక్కదానితో కడుపు నిండుతుందా అంటే, పక్కన గిన్నెడు వంకాయ కూరో ఆకుకూర పప్పో ఉంటే నిండుతుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు రొట్టె కష్టమే, వాళ్లకు జొన్నసంకటి నయం.

రాగిజావ గురించి చాలామంది అడుగుతారు. ధాన్యాల్లో కాల్షియంకి దాన్ని మించింది లేదు గానీ, మెత్తటి పిండిని పలచగా ఉడికించి గ్లాసుతో తాగితే షుగర్ త్వరగా ఎక్కుతుంది. చిన్న సంగటి ముద్ద, నిండుగా కూర ఉంటే ఆ తీరు వేరు.

మూడింటిలో రాత్రికి నా ఓటు జొన్నరొట్టెకే. తర్వాత కొలిచి పెట్టుకున్న అన్నం. నూనె చపాతీ మూడోది. కూర ముందు తిని, అన్నమో రొట్టో తర్వాత తింటే షుగర్ ఇంకా నెమ్మదిగా పెరుగుతుంది, ఏది తిన్నా సరే.

నడకలోనూ ఇలాంటి పోలికే ఉంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజులో ఒకేసారి అరగంట నడిచినప్పటి కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం. పొద్దున్నే గంట నడిచి, రాత్రి తినగానే టీవీ ముందు కూర్చునే మన అలవాటుకు ఇది సూటిగా తగులుతుంది. బరువు తగ్గడానికి పొద్దుటి నడక కావాలి, మానకండి. రాత్రి పది నిమిషాలు దానికి కలపండి.

షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పకుండా తిండి ఒక్కసారిగా తగ్గించకూడదు. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. తిండి తగ్గితే మందు మోతాదూ మార్చాల్సి రావచ్చు.

ఇప్పుడు అమ్మ మధ్యాహ్నం చిన్న కప్పుతో కొలిచి అన్నం, రాత్రి ఒక రొట్టె తింటోంది. తినగానే గేటు నుంచి తులసికోట దాకా అటూ ఇటూ నడుస్తుంది. ఆదివారం రాత్రి రొట్టె ఉండదు, కప్పు పెరుగన్నం. ఆ రోజు నడక పది నిమిషాలు కాదు, ఇరవై.