నాలుగేళ్లు జుట్టు మందు మినాక్సిడిల్ రాశాక: మాడు మీద పనిచేసింది, కణతల దగ్గర లేదు

మా కడపలో ఎవరికి జుట్టు రాలినా ముందు బోరు నీళ్లనే తిడతారు. నేనూ అదే నమ్మి రెండేళ్లు తలస్నానానికి క్యాన్ నీళ్లు వాడాను. తిరుమలలో గుండు చేయించుకున్న తర్వాతే అనుమానం వచ్చింది. పదిహేను రోజులకు వెంట్రుకలు మొలుస్తుంటే చెవుల మీద, వెనక మెడ దాకా నల్లగా, దట్టంగా వచ్చాయి. నుదుటికి రెండు పక్కలా, సుడి చుట్టూ మాత్రం నూగులాగా ఉంది. తలంతా పోసుకునేది ఒకే నీళ్లు. తప్పు నీళ్లదే అయితే వెనక కూడా పలచబడాలి కదా!

చర్మ డాక్టరు చెప్పాక విషయం అర్థమైంది. ఒంట్లోని మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను ఒక ఎంజైమ్ డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారుస్తుంది. ముందు భాగంలో, మాడు మీద ఉండే కుదుళ్లు దాన్ని తట్టుకోలేవు, క్రమంగా కుంచించుకుపోతాయి. ఏళ్ల తరబడి పెరగాల్సిన వెంట్రుక నెలలకే ఆగిపోయి సన్నబడుతుంది. వెనక, పక్కల ఉన్న కుదుళ్లకు ఆ బాధ చాలా తక్కువ. 1959లో నార్మన్ ఓరెంట్రీచ్ అనే అమెరికా డాక్టరు వెనక కుదుళ్లను తీసి ముందు నాటినా వాటి గుణం మారదని చూపించారు. జుట్టు నాటే ఆపరేషన్లన్నీ ఈ ఆధారం మీదే నడుస్తున్నాయి.

'మీ మామ తలే నీకొచ్చింది నాయనా' అని మా అమ్మ బాధపడేది. అందులో కొంత నిజముంది. ఈ హార్మోన్‌ను కుదురు ఎలా అందుకుంటుందో నిర్ణయించే ఒక ముఖ్యమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు అది తల్లి నుంచే వస్తుంది. అయితే నాన్న వైపు జన్యువులకూ ఇందులో వాటా ఉంది.

ఇక మినాక్సిడిల్ మందు సంగతి. 5 శాతం లోషన్, పూటకు 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు. మూడో వారంలో దువ్వెన నిండా జుట్టు ఊడింది. విపరీతమైన టెన్షన్‌తో మానేద్దామనుకున్నాను. పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి దారి ఇస్తాయని డాక్టరు ముందే చెప్పి ఉండకపోతే నిజంగానే మానేసేవాణ్ని. ఐదో నెలకు సుడి దగ్గర చర్మం కనబడటం తగ్గింది, ఏడాదికి బాగా కప్పుకుంది. కణతల దగ్గర మాత్రం నాలుగేళ్లలో నూగు తప్ప ఏమీ రాలేదు.

కడప ఎండల్లో లోషన్‌తో చాలా ఇబ్బంది పడ్డాను. మే నెలలో చెమటతో కలిసి నుదుటి మీదికి కారేది, దురద పెట్టేది. మందు కరగడానికి అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కొందరికి పడదట. అది లేని ఫోమ్‌కు మారాక దురద పోయింది.

ఒకసారి ఇంట్లో పెళ్లి పనుల్లో పడి మూడు నెలలకు పైగా రాయలేదు. వచ్చిందంతా పోయింది. ఈ మందు డీహెచ్‌టీని ఆపదు, వెంట్రుక పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది, అంతే. అందుకే ఆపితే పాత దారే. ఇది మొదట బీపీకి మాత్రగా వచ్చిన మందు కాబట్టి, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు మా అక్క కొడుక్కి ఇరవై రెండేళ్లు. 'మామా, నేనూ రాయాలా?' అని అడిగాడు. వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. సుడి దగ్గర ఇంకా దట్టంగానే ఉంది, కణతల దగ్గరే మొదలైంది. అక్కడ ఈ మందు నాకు పనిచేయలేదని వాడికి ముందే చెప్పాను.